పర్ఫెక్ట్ పిచ్ లేకపోతే సంగీతం రాదా? విశాఖ విద్యార్థులు, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

పర్ఫెక్ట్ పిచ్ అంటే ఏమిటి?

ఏ ఆధారమూ లేకుండా చెవిన పడ్డ స్వరం ఏదో చెప్పేయగలగడం. వంటింట్లో గిన్నె జారి మోగితే "అది ఎఫ్ షార్ప్" అనేస్తారు. తంబూరా మీటకుండా, హార్మోనియం తాకకుండా "ఐదు శ్రుతి అందుకో" (ఈ అంకెల లెక్క కింద చెప్పాం) అంటే సరిగ్గా అక్కడే గొంతు పెడతారు. ఎర్రచీర చూసి ఎరుపు అనడానికి మనం ఎంత ఆలోచిస్తామో వాళ్లూ అంతే ఆలోచిస్తారు. పదివేల మందిలో ఒకరికి ఉంటుందన్నది ఎక్కువగా వినిపించే అంచనా. చిన్నతనంలోనే సంగీతం మొదలుపెట్టిన వాళ్లలో ఇంకాస్త ఎక్కువగా కనిపిస్తుంది.

రెండోది రిలేటివ్ పిచ్. ఒక స్వరం వినిపించాక, దానికి ఎంత పైన, ఎంత కింద అని పోల్చుకుని మిగతావి పట్టుకోవడం. మన గురువులు స్వరజ్ఞానం అనేది చాలావరకు ఇదే. పేరులో "పర్ఫెక్ట్" ఉంది కాబట్టి మొదటిది గొప్పదని, రెండోది దానికి తీసికట్టని అనుకుంటారు. చిక్కంతా ఆ పేరుతోనే వచ్చింది.

కర్ణాటక సంగీతానికి అది అవసరమా?

అవసరం లేదు. మన స్వరాల పేర్లు ఇంటి నంబర్లు కావు, వరసలు. ఒకే మనిషి ఒకరికి మేనమామ, ఇంకొకరికి బావ, మరొకరికి తాతయ్య. కీబోర్డ్ మీద జి అనే స్వరం ఐదు శ్రుతిలో పాడే అమ్మాయికి షడ్జం (సా), ఒకటి శ్రుతిలో పాడే అబ్బాయికి పంచమం (పా), రెండు శ్రుతిలో పాడేవారికి శుద్ధ మధ్యమం (మా). ఆ ధ్వనిని "జి" అని గుర్తుపట్టినంత మాత్రాన అది రాగంలో ఏం పని చేస్తోందో తెలియదు.

నమ్మకం కుదరకపోతే కీబోర్డ్ ముందు కూర్చుని పది నిమిషాలు ఈ పని చేయండి. తెల్ల కీలు ముట్టుకోవద్దు, నల్లవి అయిదే వాడండి. ఫోన్‌లో తంబూరా యాప్ నాలుగున్నర శ్రుతికి పెట్టి, మూడు నల్ల కీల గుంపులో మొదటిదాన్నుంచి వరసగా పైకి వెళ్లండి, మోహన రాగం వినిపిస్తుంది. తంబూరాను ఐదున్నరకు మార్చి పక్క నల్ల కీ నుంచి మొదలుపెడితే మధ్యమావతి. ఆరున్నరకు మార్చి ఆ పక్కదాన్నుంచి మొదలుపెడితే హిందోళం. (హిందోళంలో పంచమం లేదు. అక్కడ తంబూరా పంచమాన్ని మధ్యమానికి మార్చుకోవాలి, లేకపోతే చెవికి గుచ్చుకుంటుంది.) ఒకటిన్నరలో శుద్ధసావేరి, రెండున్నరలో శుద్ధధన్యాసి. మన వాళ్లు గ్రహభేదం అనేది ఇదే. కీలు అవే అయిదు, ధ్వనులూ అవే అయిదు. పర్ఫెక్ట్ పిచ్ ఉన్న చెవికి అయిదుసార్లూ అవే అయిదు పేర్లు అందుతాయి. రాగాన్ని తేల్చేది సా ఎక్కడుందన్న ఎరుక.

ఈ "ఐదున్నర శ్రుతి" లెక్క ఏమిటి?

హార్మోనియం తెల్ల మెట్ల లెక్క. సి నుంచి మొదలుపెట్టి 1, 2, 3, 4, 5, 6, 7 అంటే సి, డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి. మధ్యలోని నల్ల మెట్లు అరలు: ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. మూడుకీ నాలుగుకీ మధ్య నల్ల మెట్టు లేదు కాబట్టి "మూడున్నర శ్రుతి" అనేది ఉండదు. మగ గొంతులు సాధారణంగా ఒకటి నుంచి రెండున్నర మధ్య, ఆడ గొంతులు నాలుగున్నర నుంచి ఆరు మధ్య పాడుకుంటాయి. ఐదు శ్రుతిలో పాడే ఆవిడ మధ్య షడ్జం 196 హెర్ట్జ్, ఒకటి శ్రుతిలో పాడే ఆయనది దాదాపు 131. ఇది ఎ స్వరాన్ని 440 హెర్ట్జ్‌గా తీసుకున్న లెక్క. ఆ 440 కూడా 1955 తర్వాతే అంతర్జాతీయ ప్రమాణమైంది. 1859లో ఫ్రాన్స్ చట్టం చేసి పెట్టుకున్నది 435. "పర్ఫెక్ట్" అనే పిచ్ కూడా కాలాన్నిబట్టి, దేశాన్నిబట్టి జరుగుతూ వచ్చిందన్నమాట.

అది లేకుండా పెద్ద సంగీతకారులైన వారున్నారా?

పాశ్చాత్యుల్లో మొజార్ట్‌కు ఉండేదనీ, షూమన్‌కూ వాగ్నర్‌కూ లేదనీ చెబుతారు. మన దగ్గర ఈ ప్రశ్న ఎవరూ వేసుకోలేదు. ఆదిభట్ల నారాయణదాసు మొదటి అధ్యక్షుడిగా 1919లో మొదలైన విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామినాయుడు పాఠం చెప్పారు, ఘంటసాల, సుశీల చదువుకున్నారు. అక్కడి చదువు కూడా షడ్జం చుట్టూ తిరిగే చదువే.

ఉంటే నష్టమేమైనా ఉందా?

ఉంది, ఎక్కువమంది దీన్ని ఊహించరు. కీబోర్డ్ నేర్చుకుని, పర్ఫెక్ట్ పిచ్ ఉన్న పిల్లవాడు కీబోర్డ్ శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కగానే తికమకపడతాడు. వేలు సి మీద ఉంటుంది, చెవికి డి షార్ప్ వినిపిస్తుంది. పద్యనాటకాల హార్మోనిస్టుకు ఇది రోజువారీ పని. కృష్ణుడి పాత్రధారికి ఒక శ్రుతి, దుర్యోధనుడికి ఇంకొకటి, ఒక్కోసారి పద్యం మధ్యలోనే అర మెట్టు కిందికి. అక్కడ కావాల్సింది సా జరిగినా వరసలు చెదరని చెవి.

ఇంకొకటి. కీబోర్డ్‌తో స్థిరపడ్డ చెవికి కీబోర్డ్ స్వరస్థానాలే సరైనవనిపిస్తాయి. కానీ తంబూరా మీద సహజంగా పలికే అంతర గాంధారం (గా) కీబోర్డ్ గాంధారం కన్నా 14 సెంట్లు కింద ఉంటుంది (అర మెట్టు, అంటే నల్లవీ కలుపుకుని ఒక కీకీ పక్క కీకీ మధ్య దూరం, 100 సెంట్లు). 196 హెర్ట్జ్ సా మీద సహజ గాంధారం 245, కీబోర్డ్‌ది దాదాపు 247. కాకలి నిషాదం (నీ) దగ్గరా ఇంచుమించు ఇంతే తేడా. పంచమం దగ్గర మాత్రం తేడా 2 సెంట్లే, పట్టించుకోనక్కర్లేదు. అందుకే కీబోర్డ్‌తోనే సాధకం చేసిన పిల్లలు మాయామాళవగౌళలో గా, నీ కొంచెం ఎక్కించి పాడతారు. తప్పు పిల్లలది కాదు, పెట్టెది.

వయసు మళ్లాక ఈ శక్తి ఉన్న చాలామందికి స్వరాలు అర మెట్టో మెట్టో పక్కకు జరిగి వినిపిస్తాయి. కార్బమజెపిన్ అనే మూర్ఛ మందు వాడిన కొందరిలో స్వరాలు అర మెట్టు కిందికి దిగినట్టు వినిపించడం వైద్య పత్రికల్లో నమోదైంది. అలా అనిపిస్తే డాక్టరుకు చెప్పాలి, మందు సొంతంగా మానకూడదు.

మా పాపకు అయిదేళ్లు. ఇప్పుడు నేర్పిస్తే వస్తుందా?

వచ్చే అవకాశం ఉన్న వయసే. ఆరేడేళ్లలోపు మొదలుపెట్టిన వాళ్లలోనే ఇది ఎక్కువగా కుదురుతుంది. జపాన్‌లో ఒక పద్ధతి ఉంది. పియానోపై కలిపి మోగించే స్వరాల గుంపు (కార్డ్) ఒక్కోదానికి ఒక్కో రంగు జెండా పెట్టి, రోజూ నాలుగైదుసార్లు రెండుమూడు నిమిషాల చొప్పున గుర్తుపట్టిస్తారు. ఒకటి పక్కాగా వచ్చాకే రెండోది. దీనిమీద 2014లో వచ్చిన అధ్యయనంలో రెండు నుంచి ఆరేళ్ల పిల్లలు 24 మంది చేరితే, చివరిదాకా నిలిచిన 22 మందికీ వచ్చింది. పట్టిన కాలం మాత్రం నెలలు కాదు, ఏళ్లు.

పాపను కర్ణాటక సంగీతంలో పెట్టదలచుకుంటే ఆ కష్టం ఇటు పెట్టమనే మా సలహా. ఇంట్లో రోజూ అరగంట తంబూరా వినిపించండి. పాప ఆడుకుంటూ విన్నా సరే, ఎదురుగా కూర్చోబెట్టనక్కర్లేదు. మొదటి పాఠాలైన సరళీ స్వరాలు తొలి ఆరునెలలూ ఒకే శ్రుతిలో ఉండనివ్వండి. క్లాసులో ఐదు, ఇంట్లో యాప్‌లో ఆరు పెట్టడం ఇళ్లలో కనిపించే మామూలు పొరపాటు. ఆ వయసు గొంతు ఆరు శ్రుతి కూడా అందుకుంటుందనుకోండి, అయినా మాస్టారు ఏది పెడితే అదే.

నాకు ముప్పై అయిదు దాటాయి. ఇప్పుడు వస్తుందా?

చాలా వారాలు గట్టిగా సాధన చేసి కొందరు పెద్దలు దగ్గరదాకా వెళ్లారు. మానేస్తే జారిపోయే అవకాశం ఎక్కువ. అదే సమయంలో రిలేటివ్ పిచ్ ఏ వయసులోనైనా పెరుగుతుంది, నిలుస్తుంది. లెక్క మీరే వేసుకోండి.

నాకు ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

పొద్దున్నే, ఇంకా ఏ పాటా వినకముందు ఈ పరీక్ష పెట్టుకోండి. ఇంట్లో ఒకరు కీబోర్డ్ మీద 24 స్వరాలు అడ్డదిడ్డంగా, ఒక్కొక్కటి విడిగా వాయించాలి. వరుసగా వచ్చేవి కనీసం ఒక స్థాయికి (సా నుంచి పై సా దాకా ఉన్న దూరానికి) మించి దూరంగా ఉండాలి. ఒకదానికీ ఇంకొకదానికీ మధ్య పదిహేను సెకన్ల విరామం ఇచ్చి, అందులో ఏదైనా మాట్లాడించాలి. లేకపోతే ముందు స్వరాన్ని పట్టుకుని రెండోది లెక్కగట్టేస్తారు, అది రిలేటివ్ పిచ్. జవాబు మూడు సెకన్లలో రావాలి, "సరే, తప్పు" అని మధ్యలో చెప్పకూడదు. స్థాయి తప్పినా స్వరం పేరు కుదిరితే మార్కు వేయండి. ఊరికే ఊహించినా 24లో రెండు తగులుతాయి. ఇరవై దాటితే ఉన్నట్టే అనుకోవచ్చు. అయిదారు వస్తే లేనట్టే, దిగులుపడాల్సింది లేదు.

నడిమి రకం ఒకటుంది. రోజూ గుడి మైకులో వినే సుప్రభాతాన్ని, అది వినిపించని వేళలో ఎత్తుకుని ఫోన్‌లో రికార్డ్ చేయండి. తర్వాత అసలు దానితో పోల్చండి. చాలామంది అసలు శ్రుతికి ఒకటి రెండు మెట్ల లోపలే ఉంటారు. 1994లో మనస్తత్వ శాస్త్ర పరిశోధకుడు డేనియల్ లెవిటిన్ 46 మందితో తమకిష్టమైన పాటలు ఇలాగే పాడించి చూస్తే, 40 శాతం మంది కనీసం ఒకసారైనా సరిగ్గా అసలు శ్రుతిలోనే పాడారు. అంటే స్వరం ఎత్తు చాలా బుర్రల్లో ఉంది. లేనిది దానికి పేరు.

పాడుతుంటే శ్రుతి జారిపోతోంది. పర్ఫెక్ట్ పిచ్ లేకపోవడం వల్లేనా?

కాదు. మాకు వచ్చే ప్రశ్నల్లో దీనికే ఎక్కువ కారణాలున్నాయి, వాటిలో చెవికి సంబంధించినవి తక్కువ.

మొదట తంబూరా వినిపిస్తోందో లేదో చూడండి. ఫోన్ స్పీకర్ మంద్ర షడ్జాన్ని (కింది సా) సరిగ్గా పలికించలేదు, అంత కింది ధ్వనులు దానికి చేతకావు. పైన గీరగా వినిపించేదాన్ని పట్టుకుని పాడుతున్నారు. చిన్న బ్లూటూత్ స్పీకరు తగిలించండి, లేదా శ్రుతిపెట్టె వాడండి. గొంతు కన్నా తంబూరా కొంచెమే తక్కువగా వినిపించాలి. ఫ్యాన్ ఐదులో పెట్టి, తంబూరా రెండులో పెడితే అది లేనట్టే.

తర్వాత ఎక్కడ జారుతోందో పట్టుకోవాలి. రెండు నిమిషాలు పాడి, తంబూరా ఆపేసి అరనిమిషం కొనసాగించి, మళ్లీ పెట్టండి. అవరోహణలో కిందికి దిగిపోతుంటే ఊపిరి చాలడం లేదు. అవరోహణ ఎనిమిది స్వరాలూ ఒకే ఊపిరిలో లాగకుండా పంచమం దగ్గర తీసుకోండి. మూడో కాలంలో పైకి ఎక్కుతుంటే తొందర, లయ సర్దుకుంటే అదే దిగుతుంది. తారషడ్జం (పై సా) ఒక్కటే అందకపోతే మీ శ్రుతి మీకు ఎక్కువ, అర మెట్టు దించండి. (కచేరీలో ఫలానావారు ఆరులో పాడారని తనూ ఆరులోనే పాడాలనుకోవడం గొంతుకు శిక్ష.) "ఈ"కారం మీద మాత్రమే తగ్గుతుంటే దవడ బిగుసుకుంటోంది. అదే స్వరాన్ని ఆకారంలో పాడి, నోరు మార్చకుండా ఈకారంలోకి వెళ్లండి.

ఇవన్నీ సరిచూసినా, రెండు వేర్వేరు స్వరాలు వినిపిస్తే రెండూ వేరని తెలియకపోతే, అప్పుడు చెవి సంగతి. స్వరాల తేడాయే పట్టని పుట్టుకతో వచ్చే లోపం చాలా కొద్దిమందికే ఉంటుంది.

రోజుకు ఇరవై నిమిషాలుంటే ఏం చేయాలి?

తంబూరా పెట్టకముందే మీ సా ఊహించి మూలగండి. ట్యూనర్‌తో ఎన్ని సెంట్లు తేడానో నోటుబుక్కులో తేదీ వేసి రాయండి. రెండు మూడు నెలల్లో ఆ అంకె తగ్గడం మీకే కనిపిస్తుంది. ఒక్క స్వరం వరకు ఈ జ్ఞాపకం చాలామందికి కుదురుతుంది, పనికీ వస్తుంది.

తర్వాత ఏడు నిమిషాలు సా, పా, పై సా మాత్రమే. ఒక్కొక్కటి పన్నెండు సెకన్లు, గమకం (స్వరాన్ని ఊపడం) లేకుండా. గొంతు తంబూరాలో కలిసిందా అన్నదానికి గుర్తు అలలు. కొంచెం తేడా ఉంటే రెండు ధ్వనుల మధ్య "వాం... వాం" అని ఊగుతుంది. 196కి 198 పాడితే సెకనుకు రెండు ఊపులు. తేడా తగ్గేకొద్దీ ఊపు నెమ్మదించి ఆగిపోతుంది, మీ గొంతు మీకే వినిపించనట్టవుతుంది. అదే శ్రుతిలో కలవడం.

ఇంకో ఆరు నిమిషాలు దాటు స్వరాలు: సగా, సమా, సపా, సదా, సనీ, ఎప్పుడూ సా నుంచి బయల్దేరి సాకే తిరిగి రావాలి. మధ్య స్వరాలు మనసులో కూడా మెట్లెక్కకండి. మొదట సపా, సమా పక్కా అయ్యాకే మిగతావి. సమా అనబోయి సపా పాడటం మొదటి నెలలో మామూలే, కంగారొద్దు.

మిగిలిన సమయంలో ఎప్పుడూ వినని కృతిలో ఒక్క పంక్తి విని స్వరం రాయండి. ముందు న్యాసం ఎక్కడో, అంటే పంక్తి ఏ స్వరం మీద ఆగిందో అది రాయాలి. ఆ తర్వాతే మధ్యవి. మొదటి స్వరం నుంచి మొదలుపెట్టే వాళ్లు మూడో స్వరం దగ్గరే తప్పిపోతారు.

ట్యూనర్ యాప్ చూస్తూ పాడితే చాలదా?

సా, పాలకు చాలు. మిగతావాటికి అడ్డమే. ముల్లు కీబోర్డ్ లెక్కలో కొలుస్తుంది, పైన చెప్పిన 14 సెంట్ల గొడవ అందులో ఉంది. తోడిలో గాంధారం రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతుంది. ట్యూనర్ దాన్ని మూడు పేర్లతో పిలిచి ఏదీ తేల్చదు. తోడిలో గాంధారాన్ని ముల్లు ఆగేలా నిలబెట్టి పాడితే రాగమే పోతుంది.

విశాఖ గాలికి వాయిద్యాలు ఊరికే శ్రుతి తప్పుతాయి. ఏం చేయాలి?

చెవి బాగున్నా ఇక్కడ వాయిద్యం మోసం చేస్తుంది. మృదంగం కుడి మూత చర్మం సముద్రపు తేమకు మెత్తబడి శ్రుతి దిగుతుంది. ఏసీ హాలులో ఆరి ఎక్కుతుంది. ఆర్.కె. బీచ్ దగ్గర బహిరంగ వేదికైతే ఇంట్లో శ్రుతి చేసి వెళ్లడం వృథా. వేదిక మీద అరగంట ఉంచి అప్పుడు రాయి, కర్ర అందుకోవాలి. ఏసీ గాలి నేరుగా తగిలేచోట పెట్టకండి.

వేణువు, సన్నాయిల్లో గాలి వేడెక్కితే శ్రుతి పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 3 సెంట్లు. 24 డిగ్రీల హాలు నుంచి 32 డిగ్రీల ఆరుబయటికొస్తే దాదాపు 24 సెంట్లు, అంటే అర మెట్టులో పావు. వయొలిన్ తీగలు అదే వేడికి సాగి దిగుతాయి. ఒకటి పైకి, ఒకటి కిందికి, మధ్యలో గాయకుడు! ఆరుబయట కచేరీలో మొదటి వర్ణం తర్వాత అందరూ ఆగి శ్రుతి చూసుకోవడం చాదస్తం కాదు.

ఉప్పుగాలికి ఉక్కు తీగలు తుప్పు పడతాయి. తుప్పు పట్టిన తీగ మందం అంతటా ఒకలా ఉండదు, అందుకే దాని స్వరం ఎంత తిప్పినా తేలదు. వాయించాక పొడి నూలుగుడ్డతో తుడవండి. వీణలో ఇలా చూసుకోండి: పన్నెండో మెట్టు మీద నొక్కి మీటండి, తర్వాత అదే చోట తీగను వేలితో ఊరికే ఆనించి మీటండి. రెండూ ఒకే స్వరం పలకాలి. పలకకపోతే ముందు తీగ మార్చి చూడండి. అప్పటికీ కుదరకపోతే మెట్లు కదిలాయి. వీణ మెట్లు 24, మైనంలో కూర్చుంటాయి. ఎండలో ఆపిన కారులో మధ్యాహ్నమంతా వదిలేస్తే మైనం మెత్తబడి మెట్లు ఒరుగుతాయి. అప్పుడు మైనం తీసి మళ్లీ కూర్చోబెట్టాల్సిందే, ఇంట్లో చేసే పని కాదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్లున్నారు, మనకు దగ్గర.

మధ్యమ శ్రుతిలో పాడమంటే గందరగోళంగా ఉంది.

పున్నాగవరాళి, నవరోజు వంటి రాగాలు తారషడ్జం దాకా వెళ్లవు, అందుకని మధ్యమాన్నే షడ్జంగా పెట్టుకుని పాడతారు. మీ శ్రుతి ఐదైతే కొత్త సా ఒకటి శ్రుతిలో పడుతుంది. తంబూరా మార్చాక రెండు నిమిషాలు ఏమీ పాడకుండా వినండి. పాత సా చెవిలోంచి దిగాలి. పర్ఫెక్ట్ పిచ్ ఉన్నవాళ్లకు ఇంకాస్త ఎక్కువసేపు పడుతుంది.

సినిమా ట్రాక్ పాడటానికి, పాశ్చాత్య సంగీత పరీక్షలకు కావాలా?

ట్రాక్ హెడ్‌ఫోన్‌లో మోగుతూనే ఉంటుంది, ఆధారం దొరికినట్టే. ఒక చెవికి మాత్రమే హెడ్‌ఫోన్ పెట్టుకుని రెండో చెవితో మీ గొంతు వినండి. బ్రిటన్ సంస్థ ఏబీఆర్‌ఎస్‌ఎం నడిపే పాశ్చాత్య సంగీత పరీక్షల్లో, చెవికి పెట్టే ఆరల్ పరీక్షలో పాడించేముందు ఆ శ్రుతికి ఆధారమైన కార్డ్, మొదటి స్వరం వాయించి వినిపిస్తారు. రెండుచోట్లా రిలేటివ్ పిచ్ చాలు.

హార్బర్‌లో ఓడ కూత ఏ స్వరం?

ఓడను బట్టి. అంతర్జాతీయ సముద్ర నిబంధనల ప్రకారం 200 మీటర్లు, ఆపైన పొడవున్న ఓడ కూత 70 నుంచి 200 హెర్ట్జ్ మధ్య ఉండాలి. చిన్న ఓడలది ఇంకా పైన. ఐదు శ్రుతిలో పాడేవారి సా 196 కాబట్టి, పెద్ద ఓడ కూత దాదాపు ఎప్పుడూ వారి మధ్య షడ్జానికి కిందే ఉంటుంది. వన్‌టౌన్ వైపు ఇల్లుంటే ఈసారి కూత వినగానే మీ సా మూలిగి, అది మంద్రంలో ఏ స్వరమో పట్టుకోండి. ఆ తర్వాత ఫోన్‌లో చూసుకోవచ్చు. కూత నాలుగైదు సెకన్లు సాగుతుంది, సరిపోతుంది.